మ్యాపులో లేని గెడ్డ: కొండ కింద ఒక క్యాంపస్ కట్టిన అనుభవం

2018 చివర్లో మా ఆఫీసుకి ఈ పని వచ్చింది. విశాఖపట్నం దగ్గర ఆనందపురం అవతల, తూర్పు కనుమల కొండ ఒకటి మైదానంలోకి దిగే చోట, దాదాపు 40 ఎకరాల్లో ఒక ఉన్నత విద్యా సంస్థ కొత్త క్యాంపస్ కట్టుకోబోతోంది, ల్యాండ్‌స్కేప్ పని మీరు చూడండి అన్నారు. భవనాల ఆర్కిటెక్ట్ వేరే. సంస్థ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇందులో జరిగిన పొరపాట్లు కొన్ని వాళ్లవి, కొన్ని నావి, పేరు తెలిసినంత మాత్రాన చదివేవాళ్లకి కొత్తగా ఏమీ తెలియదు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకి, ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్లలకి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వాళ్లిచ్చిన బ్రీఫ్‌లో ఒక లైను ఉంది: క్యాంపస్ ఈ ప్రాంత గిరిజన సంస్కృతిని ప్రతిబింబించాలి. విద్యార్థుల్లో చాలామంది పాడేరు, అరకు, చింతపల్లి, పెదబయలు వైపు నుంచి వచ్చే పిల్లలు కాబట్టి ఆ మాట ఊరికే పెట్టింది కాదు, కమిటీలో కొందరికి నిజంగానే ఆ కోరిక ఉంది. నాకూ సంతోషం వేసింది. విశాఖ అంటే సముద్రం, స్టీల్ ప్లాంటు, ఐటీ అనుకుంటారు గానీ 2022లో జిల్లాలు విడిపోయి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చేదాకా మా వైపు మన్యం అంతా ఈ జిల్లాలోనే ఉండేది. మా చిన్నప్పుడు ఇంటికి పసుపు, పిప్పళ్లు, చింతపండు, అడ్డాకు విస్తర్లు అన్నీ ఆ కొండల మీద నుంచే దిగేవి.

సంతోషం వేసింది గానీ మొదటి డ్రాయింగ్‌లో నేనేం చేశానో చెబుతాను. గేటుకి రెండు వైపులా థింసా ఆడుతున్న ఆడవాళ్ల శిల్పాలు. లైబ్రరీ గోడ మీద సవర తెగవాళ్లు వేసే బొమ్మలు. మధ్యలో గుండ్రంగా ఒక ప్లాజా, దానికి 'ట్రైబల్ ప్లాజా' అని పేరు. రోడ్ల పక్కన రాయల్ పామ్, భవనాల ముందు లాన్. కమిటీకి బాగా నచ్చింది, ఫొటోలు కూడా తీసుకున్నారు. సవరలు ఉండేది సీతంపేట వైపు అనీ, ఈ కొండకి ఆ బొమ్మలకి సంబంధం లేదనీ ఆ గదిలో ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.

కాయితం మీద గెడ్డ

సైటు పైన కొండ మీద కొండదొరలనే ఆదివాసీల ఊరు ఒకటి ఉంది. యాభై గడప కూడా ఉండదు. షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, అంటే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు గానీ, భూమి చేతులు మారకుండా ఆపే 1/70 చట్టం గానీ వీళ్లకి వర్తించవు. మన్యంలో ఉన్న ఆదివాసీకి ఉండే రక్షణ, అదే తెగ మనిషి నాలుగు కొండలు దిగి ఇటొచ్చి ఉంటే ఉండదు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన తీర్పు గురించి చదివే ఉంటారు, అనంతగిరి మండలం బొర్రా వైపు భూముల లీజుల మీద నడిచిన కేసు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. ఆ గీతకి బయట ఉన్న ఊరు ఇది. ఈ క్యాంపస్ స్థలం మీద చట్టం దృష్టిలో వాళ్లకి హక్కేమీ లేదు. వాళ్లని అడగమని నాకెవరూ చెప్పలేదు కూడా.

నేను వెళ్లింది వేరే పనికి. కొండ మీద నుంచి వాననీళ్లు ఎటు దిగుతాయో తెలుసుకుందామని. ఒక ఇంటి ముందు నులక మంచం మీద డ్రాయింగ్ షీటు పరిచాం. నలుగురైదుగురు మగవాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు, సరే సరే అంటున్నారు. వెనక అరుగు మీద అడ్డాకులు కుడుతున్న పెద్దావిడ లేచి వచ్చి, షీటుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇందులో గెడ్డ ఏది బాబూ?" అంది.

నేను నీలం గీత చూపించాను. కాంపౌండ్ గోడ పక్కగా తిన్నగా వెళ్లే కాంక్రీటు డ్రెయిన్ అది.

"అది కాలవ కదా. నానడిగింది గెడ్డ."

గెడ్డ అంటే కొండ మీద నుంచి దిగే వాగు. మళ్లీ సర్వే మ్యాపు తీసి చూశాను. అందులో 'నాలా' అని రాసి, 3 మీటర్ల వెడల్పు వేసి ఉంది. సర్వే చేసింది మార్చిలో. మార్చిలో గెడ్డలో నీళ్లు కనపడవు, ఇసక కనపడుతుంది. ఆ ఇసకలో అడుగున్నర లోతు చెలమ తవ్వితే నీళ్లూరతాయి, వేసవంతా ఊరి ఆడవాళ్లు, మేకలు ఆ నీళ్ల మీదే బతుకుతారు. ఆగస్టులో అదే గెడ్డ కొన్ని చోట్ల 20 మీటర్లు పరుచుకుని వెళుతుంది. ఇంజినీరింగ్ వాళ్లు 3 మీటర్ల గీతని చూసి దాన్ని ఒక కాంక్రీటు బాక్సులో పెట్టేసి పైన పార్కింగ్ వేశారు. నేను దాని మీద రాయల్ పామ్ పెట్టాను.

విశాఖలో పుట్టినవాడికి ఇది తెలిసి ఉండాలి. ఊళ్లో ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ అంటే ఇప్పుడు అందరికీ మురిక్కాలవ అనే అర్థం. పేరులో గెడ్డ మిగిలింది, గెడ్డ మాత్రం పోయింది. కొండల నుంచి సముద్రానికి నీళ్లు వెళ్లే దార్లు అవి, వాటిని మూసి ఇళ్లు కట్టాక గట్టి వాన పడ్డ ప్రతిసారీ నీళ్లు తమ పాత దారిని వెతుక్కుంటూ మన ఇళ్లలోకి వస్తున్నాయి. అలాంటి తప్పు ఇంకోటి నా చేతులతో చెయ్యబోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసులో డ్రాయింగ్ పక్కన పెట్టేశాను.

మూడు కాలాలు, మూడు నడకలు

కమిటీని ఒప్పించి ఎనిమిది నెలలు టైము తీసుకున్నాను, భవనాల పనికి అడ్డు రాకుండా. మే, ఆగస్టు, డిసెంబరు నెలల్లో మూడుసార్లు ఊరివాళ్లతో స్థలమంతా నడిచాం. ఎండాకాలం నడక, వానాకాలం నడక, కోతల కాలం నడక. ఒకే చోటుని మూడు కాలాల్లో చూస్తే అది మూడు చోట్లు. మేలో బండరాయిలా ఉన్న గరువు ఆగస్టులో కాలు పెడితే దిగబడిపోయింది, అక్కడే మేం హాస్టల్ బ్లాక్ అనుకున్నాం.

మొదటి నడకలో మగవాళ్లే వచ్చారు. హద్దులు, రాళ్లు, పాత పోడు ఎక్కడెక్కడ కొట్టేవారో చూపించారు. వానాకాలంలో ఆడవాళ్లని కూడా రమ్మని అడిగాం, అప్పుడు మ్యాపు మొత్తం మారిపోయింది. ఏ చెట్టు కింద ఏ కూర మొలుస్తుందో, పుట్టగొడుగులు ఏ వానకి ఎక్కడ లేస్తాయో, అడ్డతీగ ఏ వాలులో దట్టంగా అల్లుకుంటుందో, ఏ ఊట ఏ నెలకి ఎండుతుందో వాళ్లకి తెలుసు. మొదటి నుంచీ వాళ్లనే అడగాల్సింది. ఈ కేసులో నాకున్న పెద్ద విచారం అదే, ఒక కాలమంతా పోగొట్టుకున్నాను.

మేం సర్వే నంబర్లతో పిలిచే ఆ 40 ఎకరాల్లో వాళ్లకి పదిహేడు పేర్లున్నాయి. జీలుగుమాను పల్లం, ఎద్దుబండ, గుడ్లగూబ గట్టు, చెలమల రేవు, ఇలా. ప్రతి పేరూ ఒక పని చెబుతుంది: ఇక్కడ నీళ్లుంటాయి, ఇక్కడ పశువులు ఆగుతాయి, ఇక్కడ రాత్రి నడవొద్దు. జీలుగుమాను పల్లంలో ఇప్పుడు జీలుగు చెట్టు లేదు. జీలుగు చెట్టు పూతకొచ్చి, గెలలన్నీ దింపి, ఆ తర్వాత చచ్చిపోతుంది. కల్లు గీసుకున్న తాతలు పోయారు, చెట్టూ పోయింది, పేరు నిలబడింది. ఆ పేరుని బట్టే అక్కడ నేల తడి పట్టుకుంటుందని తెలిసింది, తవ్వి చూస్తే నిజమే.

ఇంకో సంగతి నాకు నేనుగా తెలుసుకున్నది. మన కొండల్లో రాయిని జియాలజీ వాళ్లు ఖోండలైట్ అంటారు, విశాఖ కొండలు చాలావరకు ఆ రాయే. ఆ పేరు ఖోండు తెగ పేరు మీద పెట్టింది, మన్యంలో కువి మాట్లాడే కోదులు వాళ్లే. కొండదొరలు వేరు, కోదులు వేరు, అది కలిపేయకూడదు. కానీ ఈ నేల కింద రాయికే ఒక ఆదివాసీ తెగ పేరుందని నేను కమిటీలో చెప్పినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఎక్కడైనా చేశారా ఇలా?"

కమిటీలో ఒకాయన అడిగిన ప్రశ్న ఇది, న్యాయమైన ప్రశ్నే. కోట్ల రూపాయల పని ఒక పెద్దావిడ మాట మీద మార్చమంటే ఎవరైనా అడుగుతారు. అప్పుడు నేను చూపించినవాటిలో రెండు మూడు చెబుతాను.

మెల్‌బోర్న్ యూనివర్సిటీ క్యాంపస్ కింద ఒకప్పుడు బౌవరీ క్రీక్ అనే వాగు పారేది. ఊరు పెరిగాక దాన్ని పైపుల్లోకి మళ్లించారు. అయినా పాములా పొడవుగా ఉండే ఈల్ చేపలు ఆ వాననీటి పైపుల గుండానే తమ పాత దారిన ఈదుతూ క్యాంపస్ చెరువులో తేలేవి. అక్కడి నేల వురుండ్జెరి అనే ఆదివాసీ ప్రజలది. విద్యార్థుల కోసం కొత్త ప్రాంగణం కట్టేటప్పుడు జెఫా గ్రీన్‌అవే అనే ఆదివాసీ ఆర్కిటెక్ట్ కూడా ఉన్న బృందం ఆ ఈల్ చేపల దారినీ, వాగునీ డిజైన్‌కి ఆధారం చేసుకుంది. ఈ కథ చెప్పాక "మన గెడ్డ ఇంకా పైపులోకి వెళ్లలేదు కదండీ" అని కమిటీలో ఒక మేడమ్ అన్నారు. అసలు నేను చెప్పాలనుకున్న మాట అది.

కెనడాలో వాంకూవర్ దగ్గర బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ ఉన్నది మస్క్వియమ్ అనే ఆదివాసీ ప్రజల నేల మీద, ఆ నేలని వాళ్లు ఒప్పందం రాసి ఎవరికీ ఇవ్వలేదు, యూనివర్సిటీ కూడా ఆ మాట బాహాటంగా ఒప్పుకుంటుంది. 2018 నుంచి అక్కడి వీధుల బోర్డుల మీద మస్క్వియమ్ భాష కూడా ఉంది. న్యూజిలాండ్‌లో మావోరీ డిజైనర్లు 2000ల చివర్లో తె అరంగ అని ఏడు సూత్రాలు రాసుకున్నారు. అందులో ఒకటి 'అహి కా', అంటే పొయ్యి ఆరకుండా ఉండడం. ఆ నేల మనుషులు అక్కడ బతికి ఉండాలి, వస్తూ పోతూ ఉండాలి. నా మొదటి డ్రాయింగ్‌లో అదే లేదు. థింసా ఆడే రాతి మనుషులున్నారు, నడిచొచ్చే మనిషికి మాత్రం దారి లేదు.

వీటిని మన దగ్గర కాపీ కొట్టలేం. అక్కడ కొన్ని చోట్ల ఒప్పందాలున్నాయి, హక్కుల కోసం దశాబ్దాల పోరాటాలున్నాయి, బేరమాడే స్థితిలో తెగల మండళ్లున్నాయి. ఇక్కడ యాభై గడపలు, ఒక వార్డు మెంబరు. అందుకే ఇక్కడ చేసేది ఏదైనా రాతలో ఉండాలి, మంచి మనసున్న రిజిస్ట్రార్ మారిపోతే పోయేలా ఉండకూడదు. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది, దాని సంగతి చివర్లో.

ఏం మార్చాం

గెడ్డని బాక్సులోంచి తీసేశాం. ఆగస్టులో నీళ్లు తాకిన అంచుని సున్నంతో గుర్తు పెట్టి, ఆ అంచు నుంచి రెండు పక్కలా మరో 10 మీటర్లు కట్టడం ఏదీ రాకూడదని గీత గీశాం. పార్కింగ్ మూడు ముక్కలై ఎగువకి పోయింది. హాస్టల్ బ్లాక్ ఎద్దుబండ పక్కకి జరిగింది. స్థలమంతా ఒకే లెవెల్ చేసే పాత ప్లాను మానేసి వాలు వెంట మెట్లు మెట్లుగా భవనాలు కూర్చోబెట్టారు. దీనికి నాకన్నా భవనాల ఆర్కిటెక్ట్‌ని మెచ్చుకోవాలి, సగం డ్రాయింగులు మళ్లీ గీశాడు. మట్టి తవ్వకం, నింపుడు తగ్గడంతో మిగిలిన డబ్బు ఆ మార్పు ఖర్చుకి చాలావరకు సరిపోయింది.

గెడ్డ ఎగువన నీటి వేగం తగ్గడానికి ఆరు రాతి కట్టలు వేశాం. సిమెంటు లేకుండా పేర్చేవి. అరకు లోయలో మెట్ల పొలాల గట్లు చూసినవాళ్లకి ఆ పనితనం తెలుసు. రాయి పునాదుల తవ్వకంలో వచ్చిందే. ఖోండలైట్‌లో పులిసిపోయిన రాయి ఎక్కువ, గట్టిగా నొక్కితే పొడవుతుంది. ఊరి పెద్దమనిషి ఒకాయన గునపంతో ప్రతి రాయినీ కొట్టి చప్పుడు విని ఇది పనికొస్తుంది, ఇది రాదు అని వేరు చేశాడు. మా సైట్ ఇంజినీరు కుర్రాడు రెండు రోజులు ఆయన పక్కనే కూర్చుని ఆ చప్పుడు నేర్చుకున్నాడు.

చెట్ల విషయంలో నాకు హుద్‌హుద్ గుర్తుంది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖలో ఎన్ని చెట్లని పడగొట్టిందో చూసినవాళ్లెవరూ మర్చిపోరు. మా వీధిలో తురాయి, పచ్చతురాయి చెట్లన్నీ వేళ్లతో లేచిపోయాయి. వేప, చింత కొమ్మలు విరిగి నిలబడ్డాయి. అందుకని డ్రాయింగ్‌లో రాయల్ పామ్ మొత్తం కొట్టేసి మద్ది, నేరేడు, పనస, చింత, ఇప్ప, కానుగ, ఉసిరి రాశాం. మొక్కలు కడియం నర్సరీల నుంచి తెప్పిద్దామంటే, ఆ పెద్దావిడ "కొండ మీద గింజ ఉండగా కొనడమెందుకు" అంది. ఊరి ఆడవాళ్లే గింజలు ఏరి చిన్న నర్సరీ పెట్టారు. ఇప్ప గింజకి ఆయువు తక్కువ, రాలిన కొద్ది వారాల్లోనే పాతేయాలి. మా టెండరు షెడ్యూలు దానికి సరిపోలేదు, మొదటి ఏడాది గింజలన్నీ గోనె సంచిలోనే పాడైపోయాయి. రెండో ఏడాది పని క్యాలెండరే గింజ రాలే టైముకి తగ్గట్టు రాశాం.

అన్నిటికన్నా పెద్ద చర్చ జరిగింది నాలుగెకరాల బీడు మీద. గుడ్లగూబ గట్టు పక్కన పాత పోడు నేల అది, కంపలు, మోడులు. దాన్ని చదును చేసి మొక్కలు నాటాలని మా ప్లాను. ఊరివాళ్లు నవ్వారు. "వదిలెయ్ బాబూ, అదే లేస్తాది." పోడు కొట్టిన నేలని కొన్నేళ్లు వదిలేస్తే మోడుల నుంచి, వేళ్ల నుంచి అడవి తిరిగి లేస్తుంది, అలా వదిలే ఏళ్లు తగ్గిపోవడం వల్లే పోడుకి చెడ్డపేరు వచ్చింది. కమిటీకి భయం: పాములొస్తాయి, చూసేవాళ్లకి పని పూర్తి చెయ్యనట్టుంటుంది. మూడు మీటింగులు పట్టింది. చివరికి చుట్టూ తక్కువ ఎత్తు రాతి గోడ పెట్టి, అంచున నడక దారి వేసి, లోపల ఎవరూ ఏమీ చెయ్యకూడదని ఒప్పుకున్నారు. మూడో ఏడాదికి అక్కడ పాలకొడిసె, తుమికి, కరక తలెత్తు దాటాయి. నేను నాటిన చోట అంత పెరగలేదు. బోటనీ డిపార్ట్‌మెంట్ ఇప్పుడు ఆ నాలుగెకరాలనే ప్రాక్టికల్స్‌కి వాడుతోంది.

పేర్ల బోర్డులు పెట్టాం, తెలుగులో, ఊరివాళ్లు పలికినట్టే. బ్లాక్ ఎ, బ్లాక్ బి అని ఎవరూ అనట్లేదు, ఎద్దుబండ హాస్టల్, చెలమల రేవు క్యాంటీన్ అంటున్నారు. క్యాంటీన్‌లో చోడి (రాగి) అంబలి ఉంది, అది మా డిజైన్ కాదు, పిల్లలు అడిగి పెట్టించుకున్నది.

దేవుణ్ణి తేవొద్దు అన్నారు

ఇది విడిగా చెప్పాలి. సంస్థలో కొందరికి ఒక ఆలోచన వచ్చింది: కొండ మీద వీళ్లు కొలిచే రాయి లాంటిదొకటి ట్రైబల్ ప్లాజాలో పెట్టి, ఏటా పండగ క్యాంపస్‌లోనే చేయిద్దాం అని. నాకు కూడా బాగానే అనిపించింది. ఊరి పూజారిని అడగడానికి వెళ్లాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఆయమ్మ అక్కడుంటాది. మీరు రావాలంటే రండి. తీసికెళ్లడం మాత్రం వద్దు" అన్నాడు.

అంతే. మేం మళ్లీ అడగలేదు. ట్రైబల్ ప్లాజా అనే పేరు కూడా తీసేశాం. అది ఇప్పుడు చింతచెట్టు కింద రాతి పలకల కూర్చునే చోటు, దానికి ఏ పేరూ లేదు. కానీ అక్కడ నుంచి కొండ మీద ఆ చోటు వైపు చూపుకి అడ్డం రాకుండా ఒక భవనం రెండు అంతస్తులకే ఆపారు. ఎందుకు ఆపారో బోర్డు ఏమీ పెట్టలేదు. పెట్టొద్దని పూజారే చెప్పాడు.

నాకు ఈ ప్రాజెక్టులో గర్వంగా అనిపించేది ఏదైనా ఉంటే ఇదే. వద్దు అన్న మాట కూడా సమాధానమే, దాన్ని డ్రాయింగ్‌లో వేయొచ్చు.

గోడ, దారి, డబ్బు

కొండ మీద ఊరి నుంచి సంతకి వెళ్లే కాలిబాట క్యాంపస్ మధ్య నుంచి ఉంది. కాంపౌండ్ గోడ దాన్ని అడ్డంగా కోసేసింది. చుట్టూ తిరిగి వెళ్లాలంటే నెత్తిన అడ్డాకుల కట్టతో రెండు కిలోమీటర్లు ఎక్కువ. భద్రత కావాలి, గోడ తప్పదు అన్నారు, ఆడపిల్లల హాస్టళ్లున్నాయి కాబట్టి ఆ మాట తీసిపారేసేది కాదు. చివరికి గెడ్డ పక్కనే బాటని ఉంచి, హాస్టళ్ల వైపు మాత్రం గోడ కట్టి, పొద్దున్నే తెరిచి చీకటి పడ్డాక మూసే రెండు చిన్న గేట్లు పెట్టాం. బాట మీద మధ్యలో నీళ్ల కుండీ, బరువు దించుకోవడానికి నడుమెత్తు రాతి తిన్నె. నెత్తిన బరువున్న మనిషి వంగకుండా దించుకోవాలంటే ఆ ఎత్తే కావాలి, ఇద్దరు ఆడవాళ్లని నిలబెట్టి కొలిచి కట్టాం.

డబ్బు సంగతి. నడకలకి వచ్చినవాళ్లకి, రాళ్లు ఎంచినాయనకి, గింజలు ఏరినవాళ్లకి డబ్బివ్వాలి. అకౌంట్స్‌లో ఏ హెడ్ కింద రాయాలని అడిగారు. మొదటి నెల వోచర్ మీద 'కూలీ' అని రాసి ఇచ్చారు. నేను సంతకం పెట్టలేదు. నాకిచ్చే ఫీజుని కన్సల్టెన్సీ అంటున్నారు, గెడ్డ ఎక్కడుందో నాకు చెప్పినావిడకి ఇచ్చేది కూలీ ఎలా అవుతుందని అడిగాను. నెలన్నర ఫైలు తిరిగింది. చివరికి 'స్థానిక సలహాదారు రుసుము' అని కొత్త హెడ్ తెరిచారు. చిన్న మాటే, కానీ ఆ మాట మారాక మీటింగులకి వాళ్లకి కూడా నోటీసు వెళ్లడం మొదలైంది, సలహాదారుని పిలవకపోతే ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది కాబట్టి.

ఏం చెడింది

2020లో కరోనాకి పని ఆగింది, 2022లో అప్పగించాం. అప్పగించిన మొదటి ఏడాదే తేడాలు కనిపించాయి.

వలిసెలు, సామ చల్లిన ఒక చిన్న మడి ఉంది, పిల్లలకి చూపించడానికని. వలిసె పూతకి రాకముందే మెయింటెనెన్స్ కాంట్రాక్టరు మనుషులు కలుపనుకుని మెషీన్ పెట్టి కోసేశారు. వాళ్ల తప్పు కాదు, ఏది పంటో ఏది కలుపో వాళ్లకెవరూ చెప్పలేదు, మా మెయింటెనెన్స్ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగులో, నెలల లెక్కన కాకుండా కార్తెల లెక్కన మళ్లీ రాశాం.

ఇంకోటి ఎక్కువ బాధ పెట్టింది. సెక్యూరిటీ ఏజెన్సీ మారింది. కొత్త గార్డులు చిన్న గేటు దగ్గర ఐడీ కార్డు అడగడం మొదలుపెట్టారు. అడ్డాకుల కట్టతో వచ్చినామెని వెనక్కి పంపారు. రెండు నెలలు ఎవరూ ఆ బాటని వాడలేదు, మాకెవరికీ తెలియలేదు కూడా, ఎందుకంటే వాళ్లు ఫిర్యాదు చేసే మనుషులు కాదు, చుట్టూ తిరిగి వెళ్లిపోయారు. నేను వెళ్లి అడిగితే, "మీ జాగా కదా బాబూ, మీరు ఎలా అంటే అలాగ" అంది అదే పెద్దావిడ. మూడు కాలాలు కలిసి నడిచాక ఆవిడ నోట 'మీ జాగా' అనే మాట వచ్చిందంటే నేను గీసిన గీతలన్నీ ఏమైనట్టు?

అప్పుడే అర్థమైంది, బాట డ్రాయింగ్‌లో ఉంది గానీ ఏ కాయితంలోనూ హక్కుగా లేదు. అప్పగించేటప్పుడే పాలకమండలి తీర్మానంగా రాయించాల్సింది. ఇప్పుడు రాయించే పనిలో ఉన్నాం. చిన్న గేట్ల దగ్గర గార్డు డ్యూటీకి ఊరి కుర్రాళ్లిద్దర్ని తీసుకున్నారు, దాంతో నడక మళ్లీ మొదలైంది.

అకడమిక్ క్యాలెండర్ విషయంలో సగం గెలుపు. చైత్రంలో ఇటుకల పండక్కి మన్యం పిల్లలు ఇంటికెళ్లిపోతారు, ఆ రోజుల్లో మగవాళ్లు వేటకి వెళతారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా దుంగలు పెట్టి పజోరు అని డబ్బులు వసూలు చేస్తారు, అరకు రోడ్డు మీద వెళ్లినవాళ్లకి తెలుసు. సరిగ్గా అప్పుడే ఇంటర్నల్ పరీక్షలు పెట్టేవారు, హాజరు తగ్గిందని పిల్లలకి నోటీసులు. ఇప్పుడు ఆ వారం పరీక్షలు పెట్టట్లేదు. సెలవు మాత్రం ఇవ్వలేదు. నేల మీద ప్రేమ ఉందని చెప్పే క్యాంపస్, ఆ నేల పండగ రోజున పిల్లల్ని క్లాసులో కూర్చోబెట్టకూడదని నేనింకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను.

ఇలాంటి పని చేతికొచ్చినవాళ్లు నన్ను ఫోన్ చేసి ఫొటోలు అడుగుతుంటారు. ఫొటోల్లో చూపించేదేమీ పెద్దగా లేదు, గేటు దగ్గర శిల్పాలు లేవు. వానాకాలంలో ఒకసారి వచ్చి గెడ్డ పక్క బాట మీద నడవమంటాను, పొద్దున్న ఏడింటికి, సంత రోజున.

కిందటి జూన్‌లో వెళ్లినప్పుడు రెండో కట్ట దగ్గర నాలుగైదు రాళ్లు జారిపోయి ఉన్నాయి. కాంట్రాక్టరు సిమెంటు పెట్టి అతికించేస్తానన్నాడు. ఆగమన్నాను. రాళ్లు ఎంచినాయన ఇప్పుడు కొండ దిగలేడు, కానీ ఆయన మనవడు క్యాంపస్‌లోనే సివిల్ డిప్లొమా చదువుతున్నాడు. కట్ట మళ్లీ పేర్చే పనిని వాళ్లిద్దరికీ సలహాదారు హెడ్ కింద ఇవ్వాలని లెటర్ పెట్టాను. శాంక్షన్ రావాలి, మృగశిర దాటకముందే రావాలి.